ఎక్కిన మొక్కలు, ఎక్కించిన మొక్కలు: శేషాచలం వాలు మీద ఒక కేస్ స్టడీ

చంద్రగిరి దాటి భాకరాపేట వైపు పోయే దారిలో, శేషాచలం కొండల కింద ఉన్న ఒక ఊరి వన సంరక్షణ సమితి మమ్మల్ని పిలిచింది. ఊరి వెనక కొండవాలంతా కంప అల్లుకుపోయింది, అది తీయించి మంచి మొక్కలు నాటాలి, ప్లాన్ రాసివ్వండి అన్నారు. నిధులివ్వడానికి ముందుకొచ్చిన సంస్థ తన ఫారంలో ఒక షరతు పెట్టింది: వాతావరణ మార్పు వల్ల వాలు మీదికి కొత్తగా వచ్చిన మొక్కలన్నిటినీ తొలగించాలి. వినడానికి బాగానే ఉంది. వాలు మీద ఒకసారి నడిచి చూస్తే మాత్రం, దాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే తీయాల్సిన వాటితో పాటు కాపాడాల్సినవీ పోతాయని తెలిసింది.

మాకు తేలింది ముందే చెప్పేస్తాను. ఈ వాలు మీద కొత్తగా కనిపిస్తున్న మొక్కల్లో ఎక్కువ వాటిని పైకి తెచ్చింది ఎండ కాదు. మనం వేసిన దారులు, మేపిన మందలు, పెట్టిన నిప్పు. వాతావరణం చేసిన పని వేరే ఉంది: అలా వచ్చిన వాటికి నిలదొక్కుకునే జాగా ఇచ్చింది. ఈ రెండూ కలిపి ఒకే పద్దులో రాస్తే ఖర్చు తప్పు చోట పడుతుంది.

మొక్కల పరిధి జరగడం, మొక్క దురాక్రమణ చేయడం ఒకటి కాదు. ఈ నేలదే అయిన మొక్క, వేడి వల్లనో తేమ మారడం వల్లనో తాను పెరిగే జాగాను కాస్త పైకో పక్కకో జరుపుకుంటే అది పరిధి మార్పు. వేరే ఖండం నుంచి మనుషులు తెచ్చిన మొక్క, ఇక్కడున్న వాటిని తొక్కేసి పరుచుకుంటే అది దురాక్రమణ. మొదటిది బతకడానికి చేసే ప్రయత్నం, దానికి అడ్డుపడకూడదు. రెండోదాన్ని ఆపాలి. రెండూ ఒకే వాలు మీద, ఒకే ఏడాది, పక్కపక్కనే కనిపించడంతోనే వస్తుంది చిక్కంతా.

సమితి పెద్దాయన మాట ఇది: "సామీ, మా చిన్నప్పుడు ఈ కంప చెరువుకట్ట దాటలేదు. ఇప్పుడు కొండెక్కతా ఉంది. ఎండలు ముదిరిపొయినాయి, అందుకే." ఆయన చూసింది నిజం. కారణం దగ్గరే మాకు సందేహం.

ముందు ఎత్తు లెక్క చూద్దాం. వంద మీటర్లు పైకెక్కితే ఉష్ణోగ్రత సుమారు 0.65 డిగ్రీలు తగ్గుతుంది. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుమల 850 మీటర్ల పైన ఉంది. అందుకే కింద చెమటలు కారే రోజు కూడా పైన కాస్త హాయిగా ఉంటుంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కింది. అంటే ఒక మొక్క పాత చల్లదనంలోనే ఉండాలంటే వంద మీటర్ల పైచిలుకు ఎక్కాలి. శతాబ్దం మొత్తానికి అంత. మా వాలు మీద కంప ఒక్క తరంలో దానికి ఎన్నో రెట్లు ఎక్కింది. వేడి ఒక్కటే నడిపిస్తే అంత పరుగు ఉండదు.

ఇంకో సంగతి. వేడెక్కితే మొక్కలన్నీ పైకే పోతాయన్న నియమం లేదు. కాలిఫోర్నియా కొండల్లో పాత, కొత్త సర్వేలు పోల్చి 2011లో అచ్చయిన అధ్యయనంలో చాలా జాతులు కిందికి దిగినట్టు తేలింది. అక్కడ వాటిని నడిపింది వేడి కాదు, నీళ్లు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఇది బాగా వర్తిస్తుంది. ఇక్కడ మొక్క బతుకు తేల్చేది మే నెల ఎండ కంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనం. అది మొహం చాటేసిన ఏడాది వేరు, అల్పపీడనాలు వరసకట్టిన ఏడాది వేరు.

పనిలో దిగాక మేం ప్రతి మొక్కనూ అడిగిన ప్రశ్న ఒకటే: ఇన్నాళ్లూ నిన్ను కిందే ఆపింది ఏది? ఆపింది చలి అయితే, చలి తగ్గడం వల్ల ఎక్కిందనొచ్చు. ఆపింది నీడో, గడ్డో, విత్తనం చేరకపోవడమో అయితే నేరం వాతావరణం మీద వేయడం కుదరదు.

పద్ధతి మామూలే. వాలు అడుగు నుంచి పైన మైదానం అంచు దాకా వంద మీటర్ల ఎత్తుకొకచోట ఆగి, పొదలకు పది మీటర్ల చదరాలు, మొలకలకు ఒక మీటరు చదరాలు వేశాం. కాలిబాటకు ఆనుకుని కొన్ని, బాటకు దూరంగా కొన్ని. పెద్ద చెట్లను, పిల్ల మొక్కలను వేరువేరుగా రాసుకున్నాం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. చెట్టు వందేళ్లు నిలబడగలదు, కాబట్టి చెట్టు ఉందంటే ఆ జాగా దానికి ఒకప్పుడు సరిపోయిందని అర్థం. ఇప్పుడూ సరిపోతుందా లేదా అన్నది మొలకలే చెప్పాలి. కింది అంచులో తల్లి చెట్లు ఉండి పిల్లలు లేకుండా, పై అంచులో పిల్లలు ఎక్కువగా ఉంటే ఆ జాతి జరుగుతోందని లెక్క. ఆకుపచ్చగా కనిపించే ఉపగ్రహ చిత్రంలో ఇది దొరకదు. మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే.

సర్కారు తుమ్మ

పెద్దాయన చెప్పిన కంప ఇదే. దీని కథ మన పక్కనే మొదలైంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర సర్కిల్ అటవీ అధికారి బెడ్డోమ్, ఎండిపోయిన ప్రాంతాలకు వంటచెరకు కోసం ఈ విత్తనం కావాలని రాశాడు. జమైకా నుంచి వచ్చిన గింజలను ఆ తర్వాత కడప జిల్లా కమలాపురంలో నాటారు. సర్కారే నాటించింది కాబట్టి సర్కారు తుమ్మ అయింది.

ఈ మొక్క గడ్డకట్టే చలిని తట్టుకోలేదు. శేషాచలం మీద అంత చలి ఏనాడూ లేదు. కాబట్టి ఇక్కడ దీన్ని కింద ఆపింది చలి కాదు. దీనికి వెలుతురు కావాలి, దున్నినట్టు తెరుచుకున్న మట్టి కావాలి, మోసుకుపోయే కడుపు కావాలి. కాయ తియ్యగా ఉంటుంది, మేకలూ ఆవులూ ఇష్టంగా తింటాయి, గింజ అరగకుండా పేడలో పడి మరింత బాగా మొలుస్తుంది. మా చదరాల్లో తుమ్మ మొలకలు మంద నడిచే బాట పక్కన, రాత్రి మంద ఆగే చోట గుంపులుగా ఉన్నాయి. అదే ఎత్తులో, బాటకు దూరంగా, ఒత్తుగా బోదగడ్డి ఉన్న చోట లేవు. ఎండ రెండు చోట్లా ఒకటే కదా.

మరి వాతావరణం పాత్ర ఏమీ లేదా అంటే ఉంది. 2018లాంటి కరువు ఏడాది కింద మేత లేకపోతే మందలు పైదాకా పోతాయి. గడ్డి పలచబడిన చోట మట్టి తేలుతుంది. వేరు లోతుకు దింపుకోగల తుమ్మకు ఆ కరువు పెద్ద లెక్క కాదు, పక్కనున్న గడ్డికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

లాంటానా

దీన్ని పులికంప అనీ అంటారు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల మొక్క, పూల అందం కోసం 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వచ్చింది. 2020లో అచ్చయిన ఒక అధ్యయనం దేశపు అడవుల్లో చాలా భాగం దీని బారిన పడే ప్రమాదంలో ఉందని అంచనా వేసింది. నీలగిరుల్లో మన కొండల కన్నా చాలా ఎత్తులో, చాలా చలిలో కూడా పెరుగుతోంది. అంటే దీనికీ తిరుమల చలి ఎప్పుడూ అడ్డు కాదు. దట్టమైన నీడే అడ్డు.

ఆ నీడ ఎలా పోయింది? ఒకటి నిప్పు. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడితే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అంత పెద్దవి అరుదు గానీ, కొత్త గడ్డి చిగురు కోసం కాపరులు పెట్టే చిన్న మంటలు ఏటా ఉంటాయి. ఎండాకాలం ముందే మొదలై, వేడిగాలులు ఎక్కువ రోజులు వీచే ఏడాది ఆ చిన్న మంట చిన్నదిగా ఉండదు. రెండోది కుంభవృష్టి. 2021 నవంబరు వానలకు ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడడం, తిరుపతి వీధులు ఏరులవడం అందరూ చూశారు. మా వాలు మీద కూడా ఒక చోట చర్మం ఒలిచినట్టు మట్టి జారిపోయి బండ బయటపడింది. ఆ మచ్చ అంచుల్లో ఇప్పుడు లాంటానా తిష్ఠ వేసింది.

కాలిన చెట్టు మోడు మీద పిగిలిపిట్ట వాలి రెట్ట వేస్తుంది, దాని కిందే లాంటానా లేస్తుంది. మోడు, మోడు కింద పొద, మళ్లీ మోడు. వంకల వెంట కూడా ఇదే వరస. ఒకసారి పొదలు కలిసిపోయాక అది నిచ్చెనలా మంటను కిందినుంచి చెట్ల కొమ్మలకు ఎక్కిస్తుంది. మంట తర్వాత మొదలు నుంచి మళ్లీ చిగురించేదీ అదే. గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఇలా వేగంగా పెరిగే జాతులకే ఎక్కువ లాభం చేస్తుంది. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల్లో 280 పాళ్లు ఉన్నది ఇప్పుడు 420 దాటింది. ఇక్కడ వాతావరణం నిజంగానే లాంటానా పక్షాన ఉంది. అది తెచ్చిన విత్తనం లేదు, తెరిచిన జాగా మాత్రం చాలా ఉంది.

వయ్యారిభామ గురించి పెద్దగా రాయను. అది మట్టి తోలిన రోడ్డు పక్కనే ఉంది, ట్రాక్టరు ఆగిన చోటు దాకా వచ్చి ఆగింది. దీన్ని తినడానికి 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పెంకుపురుగు వానాకాలంలో బాగా పని చేస్తుంది, తేమ పోగానే మట్టిలో దూరి నిద్రపోతుంది. వానలు ఆలస్యమైతే పురుగు లేచేసరికి మొక్క పూత మీద ఉంటుంది.

బందారు మీద వాదన

అసలు గొడవంతా డోడోనియా మీద జరిగింది, మన బందారు. సన్నని జిగురు ఆకులు, మూడు రెక్కల కాయలు. వాలు పైసగంలో, ఇదివరకు అది కనిపించని జాగాలో ఇప్పుడు బాగా కనిపిస్తోందని సమితి వాళ్లే చెప్పారు. సంస్థ ప్రతినిధి ఫొటోలు చూసి, ఇది కొత్తగా వచ్చింది, ఒత్తుగా ఉంది, కాబట్టి ఇదీ తీసేయాల్సిన జాబితాలోదే అన్నాడు. ఆయన ఫారం ప్రకారం ఆయన మాట సబబే.

మా ప్రశ్న దీన్నీ అడిగాం. ఇది ఈ నేల మొక్కే, పొడి కొండవాలు దీని సొంతిల్లు. గింజలు గాలికి పోతాయి, అందుకని మొలకలు బాట వెంట గానీ మోడు కింద గానీ కాకుండా వాలంతా చెదురుగా ఉన్నాయి. ఇదివరకు దీన్ని ఆపింది పైనున్న చెట్ల నీడ, ఆ నీడ కింద నిలిచే తేమ. ఆ రెండూ తగ్గాయి, ఇది ఎక్కింది. అంటే వాలు ఎండుతోందని చెప్పే సాక్షి ఇది. సాక్షిని కొట్టేస్తే కేసు గెలవం. పైగా దీని కింద మట్టి నిలిచింది, దీని నీడలో వేరే స్థానిక మొలకలు దొరికాయి. లాంటానా కింద అలాంటివి దాదాపు ఏమీ లేవు. ఉంచాలని రాశాం, ఒక మినహాయింపుతో: ఆకు జిగురు వల్ల తొందరగా అంటుకుంటుంది కాబట్టి, మంట పాకకుండా శుభ్రం చేసి ఉంచే అగ్గి గీతల మీద మాత్రం కొట్టేయాలి. ఫారంలో వాక్యం మార్పించడానికి పట్టిన టైమ్, ఇంత వాలు కొలవడానికి పట్టిన టైమ్‌కు తక్కువేమీ కాదు.

ఎక్కలేనిది

వాలు పైభాగంలో సైకస్ బెడ్డోమీ ఉంది, చూడ్డానికి ఈత మొక్కలా ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద ఈ తిరుపతి, కడప కొండల్లో తప్ప అడవిలో ఎక్కడా లేని సైకస్. పేరు ఆ బెడ్డోమ్ దొరదే. తుమ్మ విత్తనం తెప్పించిన మనిషి పేరే, తుమ్మ నుంచి మనం కాపాడాల్సిన మొక్కకూ ఉంది. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో (సైటీస్) ఇది అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది, మన 1972 వన్యప్రాణి చట్టం కాపాడే కొద్దిపాటి మొక్కల్లోనూ ఉంది.

మేం చూసిన చోట పెద్ద మొక్కలున్నాయి, పిల్లలు తక్కువ. కింది అంచులో పిల్లలు లేవు. పైపైన చూస్తే నా కొలబద్ద ప్రకారం ఇది పైకి జరుగుతున్న జాతి లక్షణంలానే ఉంది, సంస్థ వాళ్లు కూడా చప్పున వాతావరణ మార్పు అని రాసుకున్నారు. కానీ సైకస్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. మగ మొక్క పెట్టే శంకువును నాటు మందుల కోసం కోసుకుపోవడం ఈ కొండల్లో పాత అలవాటు. మగ శంకువు పోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే గింజ లేదు. ముదురు కాండం మంటను తట్టుకుంటుంది, లేత మొలక తట్టుకోలేదు. మొలకలు లేకపోవడానికి ఈ రెండు కారణాలూ కళ్ల ముందే ఉన్నప్పుడు, వాటిని ఆపకుండా వేడిని నిందించి లాభం లేదు.

అయితే ముందు ముందు వేడి సమస్య దీనికే ఎక్కువ. దీని గింజ పెద్దది, బరువు, తల్లి కాళ్ల దగ్గరే పడుతుంది. బందారులా గాలికి ఎగరదు, లాంటానాలా పిట్ట కడుపులో ప్రయాణించదు. ఎక్కాలన్నా ఎక్కలేదు. ఎక్కినా, వెయ్యి మీటర్లు దాటాక ఈ కొండల్లో పెద్దగా చోటు మిగలదు. కాస్త దిగువన తెల్ల కరక, పై జాగాల్లో మొగి, ఈ చెట్లకూ పైన చోటు లేని పరిస్థితే. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించినప్పుడు గీసిన హద్దు మొక్కలకు తెలియదు, నిజమే, కానీ ఆ హద్దు దాటి ఇంకో కొండకు పోవడం వీటికి సులువూ కాదు.

గింజలు తీసుకెళ్లి మనమే పైన నాటితే ఎలా ఉంటుందని సమితిలో చదువుకున్న కుర్రాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. పైన ఉన్న గడ్డి జాగా ఖాళీ జాగా కాదు, దాని మొక్కలు దానికున్నాయి. అనుమతులు లేకుండా ఈ జాతిని ముట్టుకోవడమూ కుదరదు. నేను దానికి బదులు కోనలు కాపాడమన్నాను. తలకోన దగ్గర చూడండి, కింద ఎంత మండుతున్నా లోపల నీడా తేమా నిలిచే ఉంటాయి. మా వాలు మీద కూడా అలాంటి చిన్న మడత ఒకటుంది. నాలుగు వందల మీటర్లు ఎక్కితే దొరికే చల్లదనంలో కొంతైనా, ఎక్కకుండానే అక్కడ దొరుకుతుంది. మొక్కలు పైకి జరగలేకపోతే పక్కకు జరుగుతాయి. మొత్తం బడ్జెట్‌లో మొదటి రూపాయి ఆ మడతలోకి లాంటానా రాకుండా ఆపడానికే పెట్టాం.

పని ఎలా చేశాం

లాంటానాను జేసీబీతో లాగించే ఆలోచన మానిపించాం. వాలు మీద మట్టి తిరగబడితే తర్వాతి అల్పపీడనానికి అది చెరువులో ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి వాడాం: మొదలును నేల పైన నరకకుండా, నేలకు కాస్త కింద, చిగురు పుట్టే భాగం కన్నా లోతున తల్లివేరు కోసి, పొదను తలకిందులుగా పెట్టేయడం. పైన నరికితే ఒక్క కొమ్మకు పది లేస్తాయి, కూలి దండగ. మొదటి వానలకు నేల మెత్తబడ్డాక, వాలుకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా తీయించాం. ఒక పట్టీ తీసి, ఒకటి వదిలి. తీసిన పట్టీలో ఈశాన్య వానలకు ముందే బోదగడ్డి గింజ చల్లించాం. ఖాళీ వదిలితే వచ్చేది మళ్లీ లాంటానాయే.

తుమ్మ విషయంలో ఊళ్లో రెండు మాటలున్నాయి. చెరువు కింద తుమ్మ కొట్టి బొగ్గు కాల్చుకునే ఇళ్లున్నాయి, వంటచెరకు కోసం దాని మీదే ఆధారపడ్డ ఆడవాళ్లున్నారు. వాళ్ల పొట్ట కొట్టి అడవిని కాపాడతామంటే ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కింద ఉన్నది ఉంచి, వాలు మీది మొలకలను వేరుతో తీయించాం. కాయ రాలే రోజుల్లో మందను కొన్నాళ్లు దొడ్డిలోనే ఉంచి, కడుపు ఖాళీ అయ్యాకే కొండకు తోలాలని కాపరులతో మాట్లాడుకున్నాం. అందరూ పాటించలేదు. పాటించిన బాటకూ పాటించని బాటకూ తేడా మొలకల్లో కనిపిస్తోంది, అది చూపించే మిగతావాళ్లను ఒప్పిస్తున్నారు.

నాటే మొక్కల దగ్గర సమితికి వేప, కానుగ కావాలి. ఎర్రచందనం ఈ కొండల సొంత చెట్టు కదా అంటే, "అది మాత్రం వద్దు సామీ, రేపు కేసులకు మేం తిరగలేం" అన్నారు పెద్దాయన. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. చివరికి మడత అంచున తెల్ల కరక, మిగతా చోట నాటడం కాకుండా ఉన్న మొలకలను కాపాడడం అని కుదిరింది. నాటిన మొక్కల సంఖ్య తక్కువగా కనిపిస్తుందని సంస్థ వాళ్లు నసిగారు. ఫొటోకు గుంతలు బాగుంటాయి, నిజమే.

ఈశాన్య వానలు వెళ్లాక జనవరి, ఫిబ్రవరిలో నేల తడిగా ఉండగానే లాంటానా పిల్లలను చేత్తో పీకాలి. మూడేళ్లు వరసగా పీకాలని, ఆ కూలి డబ్బు మొదటే విడిగా పెట్టాలని ప్లాన్‌లో రాశాం. వదిలిన పట్టీలను, తీసిన పట్టీల్లో గడ్డి పట్టాకే ముట్టుకోవాలి. బందారు చదరాలను కంచె వేసి కొన్ని, వేయకుండా కొన్ని వదిలాం, దాని నీడలో ఏ మొలకలు నిలుస్తాయో చూడడానికి.

ఇప్పుడు కొండ మీది గుడికి పోయే కాలిబాటను జీపు పోయేంత వెడల్పు చేయాలన్న మాట ఊళ్లో నడుస్తోంది. దాని మీద ఓటు మాది కాదు. మా ప్లాన్ చివరి పేజీలో మాత్రం ఒక షరతు ఉంది: ఆ రోడ్డు పడితే ఈ అంచనా చెల్లదు, బాటకు రెండు పక్కలా పీకుడు ఖర్చు ఏటా వేసి కొత్తగా లెక్క కట్టాలి, ఆ ఖర్చు రోడ్డు బడ్జెట్‌లోంచే రావాలి. దాని కింద సమితి సంతకం పెట్టింది. సంస్థ ఇంకా పెట్టలేదు.